కొత్త అల్లాయ్స్ వేశాక 90 దగ్గర స్టీరింగ్ అదురుతోంది, బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు

కృష్ణాతీరం (విజయవాడ):
అందరికీ నమస్కారం. కారు ఐ20, 2021 మోడల్, పెట్రోల్ మాన్యువల్. కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల స్టీల్ రిములు, 185/65 ఆర్15 టైర్లు తీసేసి, బయట షాపులో 16 అంగుళాల అల్లాయ్స్, కొత్త 195/55 ఆర్16 టైర్లు వేయించాను. ఊళ్లో తిరిగినంతసేపు ఏ తేడా తెలియలేదు. హైదరాబాద్ హైవే ఎక్కి 85 దాటగానే స్టీరింగ్ సన్నగా అదరడం మొదలైంది. 95 దగ్గర అరచేతులు తిమ్మిరెక్కేంత అదురు. 115 దాటాక కాస్త సర్దుకుంటుంది. బ్రేక్ తొక్కినా తొక్కకపోయినా ఒకటే.

షాపుకి వెళ్తే నాలుగు చక్రాలూ మళ్లీ మెషీన్ ఎక్కించి సున్నా చూపించారు. అయినా పోలేదు. అలైన్‌మెంట్ చేశారు. అదీ పని చేయలేదు. ఇప్పుడేమో "సస్పెన్షన్ చూపించుకోండి సార్, రాక్ ఎండ్ పోయి ఉంటుంది" అంటున్నారు (స్టీరింగ్ తిప్పుడుని చక్రానికి అందించే కడ్డీ జాయింట్). పాత చక్రాలతో 110లో కూడా ఒక్క వణుకు ఉండేది కాదు. రాత్రికి రాత్రి రాక్ ఎండ్ ఎలా పోతుందో నాకు అర్థం కావడం లేదు. ఎవరైనా దారి చెప్పండి.

ఓరుగల్లు రైడర్ (హనుమకొండ):
అన్నా, అలైన్‌మెంట్ ఇంకోసారి మంచి 3డీ మెషీన్ ఉన్న చోట చేయించు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే ఇంకా మంచిది. నాకూ ఇట్లనే అయితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సెట్ చేసినంక బండి సెట్ అయ్యింది.

డీజిల్ బాబాయ్ (గుంటూరు):
రైడర్ తమ్ముడూ, అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. ఒక స్పీడు దగ్గర వచ్చి ఇంకో స్పీడు దగ్గర పోయే అదురు దానితో రాదు. అలైన్‌మెంట్ చాలాకాలం తప్పి ఉండి టైరు మెట్లుమెట్లుగా అరిగితే అప్పుడు అదురు రావచ్చు. ఈయన టైర్లు కొత్తవి కదా. మీ బండికి అలైన్‌మెంట్ చేసిన రోజే చక్రాలు ముందువి వెనక్కి మార్చారేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

స్పానర్ సత్తి (రాజమహేంద్రవరం):
కృష్ణాతీరం గారూ, రాక్ ఎండ్ మాట పక్కన పెట్టండి. మారినవి చక్రాలు, టైర్లు, బహుశా నట్లు. తప్పు అక్కడే వెతకాలి. సస్పెన్షన్‌లో పాత లూజు ఏదైనా ఉంటే అది అదురును పెంచుతుందేమో కానీ, పుట్టించదు.

నాకు కొన్ని సంగతులు తెలియాలి. అదురు స్టీరింగ్‌లోనేనా, సీటు కింద కూడా ఉందా? స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాలు, సీటులోనో ఫ్లోర్‌లోనో అయితే వెనక చక్రాలు, దాదాపుగా. బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే వస్తే డిస్కులు చూడమనేవాణ్ని. గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు మాత్రమే వస్తే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్. 30–40లోనే చక్రం ఎగిరినట్టు ఉంటే రిమ్ బెండో టైరు పాడో. మీరు చెప్పింది ఈ మూడింట్లో ఏదీ కాదు.

ఇంకొకటి. కొత్త అల్లాయ్ వెనకవైపు అంకెలు ఉంటాయి: పీసీడీ (నట్ల రంధ్రాల సంఖ్య, అవి ఉన్న వలయం కొలత), ఈటీ (చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే అంకె, తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది), సీబీ (మధ్య రంధ్రం కొలత). సీబీ పక్కన ఎంత ఉందో చూసి చెప్పండి. వేసేటప్పుడు మధ్యలో ప్లాస్టిక్‌దో అల్యూమినియందో సన్నటి రింగు ఏదైనా పెట్టారా?

కృష్ణాతీరం:
సత్తి గారూ, ఎక్కువగా స్టీరింగ్‌లోనే. సీటు కింద కొంచెం ఉన్నట్టు అనిపిస్తుంది, కచ్చితంగా చెప్పలేను. పొద్దున జాకీ ఎక్కించి ఒక చక్రం తీశాను. వెనక ఉన్నది రాస్తున్నా: 16×7జె, 4×100 / 4×108, ఈటీ 38, సీబీ 73.1. ఒక్కో చక్రానికి ఎనిమిది రంధ్రాలు ఉన్నాయి, నాలుగే వాడారు. రింగు ఏదీ లేదు. షాపుకి ఫోన్ చేస్తే "రింగులు ఎందుకు సార్, నట్లే సెంటర్ చేస్తాయి, అందరికీ ఇలాగే వేస్తాం" అన్నారు.

స్పానర్ సత్తి:
దొరికింది అనుకుంటున్నా. ఐ20 హబ్ (కారు మీద చక్రం బిగించే భాగం) మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం 54.1 మి.మీ. మీ అల్లాయ్ మధ్య రంధ్రం 73.1. అంటే చుట్టూ 9.5 మి.మీ. ఖాళీ. కంపెనీ రిముకి ఈ రంధ్రం హబ్‌కి సరిగ్గా సరిపోతుంది, చక్రం దానంతటదే నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. బయట అమ్మే అల్లాయ్స్ ఒకే అచ్చుతో చాలా కార్లకు సరిపోవాలి కాబట్టి రంధ్రం పెద్దదిగా పెడతారు. ఆ ఖాళీ పూడ్చడానికే 73.1–54.1 రింగు. అల్లాయ్స్‌తో పాటే ఇవ్వాల్సిన వస్తువు.

ఇరుసు కన్నా బోలెడంత పెద్ద కన్నం పెట్టిన బండిచక్రం ఎలా తిరుగుతుందో మీ చక్రం పరిస్థితి ఇప్పుడు అదే. కాకపోతే నట్లు బిగించి ఉన్నాయి కాబట్టి తేడా మిల్లీమీటరులోపే ఉంటుంది.

బోల్టు భాస్కర్ (బెంగళూరు):
ఇక్కడ కొంచెం విభేదిస్తాను. రింగు బరువు మోయదు. చక్రాన్ని పట్టి ఉంచేది నట్ల బిగింపు వల్ల రిముకీ హబ్ ముఖానికీ మధ్య పుట్టే రాపిడి. ఏటవాలు నట్లు సరిగ్గా బిగిస్తే చక్రం సెంటర్ అవుతుంది. నా పాత కారులో రింగులు లేకుండానే ఏళ్ల తరబడి తిప్పాను, 120లో కూడా నిశ్శబ్దం. షాపువాళ్ల మాట పూర్తిగా తప్పు కాదు. బిగించే పద్ధతి చూడాలి. చక్రం నేల మీద ఉండగా ఎయిర్ గన్‌తో ఒక నట్టు పూర్తిగా బిగించేసి తర్వాత పక్కది పట్టుకుంటే చక్రం ఒక పక్కకి జరిగి అక్కడే ఇరుక్కుపోతుంది.

స్పానర్ సత్తి:
భాస్కర్ గారి మాటలో రాపిడి సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. రింగు ప్లాస్టిక్‌దైనా పనికొచ్చేది అందుకే. కానీ "సరిగ్గా బిగిస్తే" అన్నారు చూడండి, మన షాపుల్లో ఆ మాటకి గ్యారంటీ ఎవరు? పంక్చర్ పడి అర్ధరాత్రి నకిరేకల్ దగ్గర ఎవరో కుర్రాడు చక్రం ఎక్కిస్తే? రింగు ఉంటే ఎవరు బిగించినా మధ్యలోనే కూర్చుంటుంది. ఇక ఎనిమిది రంధ్రాల చవక అల్లాయ్స్‌లో ఆ రంధ్రాల కొలత ఎంత కచ్చితమో కూడా ఆలోచించండి.

బోల్టు భాస్కర్:
సరే, ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయమనండి ముందు. జాకీ మీద చక్రం గాలిలో ఉండగానే నాలుగు నట్లూ చేత్తో తిప్పి ఆనించాలి, చక్రాన్ని కొద్దిగా అటూఇటూ కదుపుతూ ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించాలి. చివరి బిగింపు మాత్రం కిందికి దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా). ఐ20 మాన్యువల్‌లో 11–13 కేజీ మీటర్లు, అంటే సుమారు 107–127 న్యూటన్ మీటర్లు. అదురు మారితే సెంటరింగ్ సమస్యే, రాసిస్తా.

లెక్కల మాస్టారు (తెనాలి):
పాతికేళ్లు లెక్కలు చెప్పాను, అలవాటు పోదు. ఈ సున్నా బ్యాలెన్సింగ్ ఎందుకు పని చేయలేదో కాగితం మీద చూద్దాం.

బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని పట్టుకునేది మధ్య రంధ్రంలోకి శంకువు దూర్చి. అంటే మెషీన్ దృష్టిలో కేంద్రం ఆ రంధ్రం కేంద్రమే. కారు మీద మాత్రం కేంద్రాన్ని నిర్ణయించేవి నట్లు. ఈ రెండు కేంద్రాల మధ్య అర మిల్లీమీటరు తేడా ఉందనుకోండి. రిమ్, టైరు కలిపి 18 కేజీలు అనుకుందాం. 18,000 గ్రాములు × 0.5 మి.మీ. = 9,000. రిమ్ లోపల బరువు అంటించే చోటు కేంద్రం నుంచి 190 మి.మీ. దూరం అనుకుంటే, 9,000 ÷ 190 = దాదాపు 47 గ్రాములు. మెషీన్ సున్నా చూపించిన చక్రానికి కారెక్కాక ఎవరో 47 గ్రాముల సీసం ముక్క అంటించినట్టే.

ఆ టైరు వ్యాసం 621 మి.మీ. (మీ పాత 185/65 ఆర్15 కూడా 621.5. ఎంపిక మాత్రం బాగుంది, స్పీడోమీటర్ తేడా రాదు.) 95లో చక్రం సెకనుకు పదమూడున్నర చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఆ అర మిల్లీమీటరు పుట్టించే బలం 65 న్యూటన్లు, ఆరున్నర కేజీల లాగుడు. సెకనుకు పదమూడున్నర సార్లు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ. సస్పెన్షన్, స్టీరింగ్ సహజంగా ఊగే వేగం కూడా ఇంచుమించు అక్కడే ఉండటంతో 90–100 మధ్య అదురు పెద్దదవుతుంది. 115 దాటితే ఆ పొత్తు విడిపోతుంది. బలం తగ్గి కాదు. నిజానికి బలం పెరుగుతుంది, మీ చేతికి తెలియడం తగ్గుతుంది. కాబట్టి "స్పీడు పెంచితే పోతోంది" అని అలాగే నడపకండి.

ఓరుగల్లు రైడర్:
మాస్టారూ, దండం. గుర్తొచ్చింది, డీజిల్ బాబాయ్ చెప్పినట్టు నా బండికి ఆ రోజు చక్రాలు కూడా మార్చిన్రు. టో క్రెడిట్ కొట్టేసింది అన్నమాట.

కృష్ణాతీరం:
అప్‌డేట్. ముందు పాత స్టీల్ రిములు రెండూ ముందు వేసి హైవే మీదికి తీసుకెళ్లాను. కొత్తవి వెనకే ఉంచాను. స్టీరింగ్ అద్దంలా ఉంది. సీటు కింద మాత్రం సన్నటి అదురు. రాక్ ఎండ్ నిర్దోషి అని తేలిపోయింది.

తర్వాత కొత్తవి ముందుకి మార్చి భాస్కర్ గారు చెప్పినట్టు గాలిలో ఉండగా బిగించాను. సగానికి సగం తగ్గింది! సంతోషపడి, పరీక్ష కోసం ఎడమ చక్రం ఊడదీసి మళ్లీ అదే పద్ధతిలో ఎక్కించాను. అదురు మళ్లీ పెరిగింది, ఈసారి 85 దగ్గరే. విప్పి ఎక్కించిన ప్రతిసారీ ఒక్కో రకంగా ఉంటోంది.

బోల్టు భాస్కర్:
ఇక వాదన లేదు. చక్రం బ్యాలెన్స్ తప్పితే ఎన్నిసార్లు విప్పి ఎక్కించినా అదురు ఒకేలా ఉండాలి. మీకు ప్రతిసారీ మారుతోంది అంటే నట్లు మధ్యకి తేలేకపోతున్నాయి. రింగులు వేయండి.

నట్లు కూడా ఒకసారి చూడండి. హ్యుందాయ్ నట్లు 60 డిగ్రీల ఏటవాలు, అల్లాయ్ రంధ్రం కూడా అదే వాలు ఉండాలి. రంధ్రంలో పెయింటు మందంగా పేరుకుంటే నట్టు ఆ పెయింటు మీద కూర్చుంటుంది, నాలుగు రోజులకి పెయింటు నలిగి నట్టు లూజవుతుంది.

స్టుట్‌గార్ట్ సుబ్బు (జర్మనీ):
ఇక్కడి ముచ్చట ఒకటి. జర్మనీలో బయటి అల్లాయ్స్ కొంటే వాటితో పాటు కాగితాలు వస్తాయి. ఏ కారుకి, ఏ టైరు సైజుకి, ఏ కొలత సెంటరింగ్ రింగుతో, ఏ బోల్టులతో వేయాలో అందులో ఉంటుంది. అది సరిపోలకపోతే తనిఖీలో పాస్ చేయరు. రింగు ఇక్కడ అలంకారం కాదు, కాగితంలో ఉన్న భాగం.

మేం ఏటా రెండుసార్లు సమ్మర్, వింటర్ చక్రాలు మారుస్తాం కాబట్టి ఇంకో పాఠం కూడా అలవాటైంది. హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకకుండా చక్రం పెట్టొద్దు. కాగితమంత తుప్పు పెచ్చు ఒక పక్క ఉన్నా చక్రం వాలుగా కూర్చుంటుంది. గీకాక మధ్య భాగానికి పల్చగా గ్రీజు లాంటి పేస్టు రాస్తాం, అల్యూమినియం ఇనుముకి అంటుకుపోకుండా. స్టడ్‌లకీ (నట్లు ఎక్కే మరల కడ్డీలు) నట్లకీ మాత్రం రాయొద్దు, రాస్తే అదే టార్క్‌కి నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది. చక్రం మార్చాక 50 కి.మీ. తిరిగి మళ్లీ టార్క్ చూడటం ఇక్కడ మామూలు.

డీజిల్ బాబాయ్:
సుబ్బూ, మన డెల్టాలో తుప్పుకంటే మట్టి ఎక్కువ బాధ. వానాకాలం నల్లరేగడి పొలాల దారిలో తిరిగొస్తే రిమ్ లోపలి భాగంలో మట్టి గట్టిపడి కూర్చుంటుంది. పైకి కడిగితే చక్రం మెరుస్తుంది, లోపల పావుకేజీ మట్టి అలాగే ఉంటుంది. హైవే ఎక్కగానే అదురు. షాపుకి పోయే ముందు చక్రం లోపల చెయ్యి పెట్టి చూసుకోండి, డబ్బులు మిగులుతాయి. అంటించిన సీసం ముక్క ఊడిపోయిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

కృష్ణాతీరం:
రింగులు ఎక్కడ దొరుకుతాయి? అల్లాయ్స్ కొన్న చోట "ఆర్డర్ పెట్టాలి, టైం పడుతుంది" అంటున్నారు.

స్పానర్ సత్తి:
ఆన్‌లైన్‌లో 73.1–54.1 అని వెతికితే దొరుకుతాయి, అది మామూలు సైజే. మీరు విజయవాడలో ఉండి రింగు కోసం ఎదురుచూడటమేంటండీ! ఆటోనగర్‌లో ఏ లేతు షాపుకి వెళ్లినా అల్యూమినియం కడ్డీ నుంచి కోసి ఇస్తాడు. "73.1 కి 54.1" అని నోటితో చెప్పి రాకండి. చక్రం ఒకటి తీసుకెళ్లి వెర్నియర్‌తో రంధ్రం కొలిపించండి, హబ్ కూడా కొలిపించండి. చేత్తో నొక్కితే లోపలికి వెళ్లాలి, వదిలితే ఊడి పడకూడదు. సుత్తి అవసరమయ్యేంత టైట్‌గా చేయించారంటే పంక్చర్ రోజు చక్రం ఊడిరాదు. రింగు అంచు చక్రం వెనక తలం కన్నా ఒక్క వెంట్రుక కూడా బయటికి పొడుచుకు రాకూడదు, వస్తే చక్రం హబ్ ముఖానికి ఆనదు. అది అదురు కన్నా ప్రమాదం.

కృష్ణాతీరం:
ఆటోనగర్‌లో చేయించాను. అల్యూమినియం రింగులు నాలుగూ సాయంత్రానికి ఇచ్చారు. హబ్‌లు గీకి, రింగులు పెట్టి, గాలిలో బిగించి, దించి టార్క్ వేశాను. 85–100 మధ్య అదురు పోయింది! విప్పి మళ్లీ ఎక్కించి చూశాను, అప్పుడూ లేదు.

కానీ 105 దాటాక ఇంకా ఏదో సన్నగా ఉంది. ముందు పెద్ద అదురు కింద ఇది కనపడలేదేమో. వదిలేయమంటారా?

లెక్కల మాస్టారు:
వదిలేయడం ఎందుకు? ముందు ఎడమ చక్రాన్ని వెనక ఎడమకి, అక్కడిది ముందుకి మార్చండి. అదురు స్టీరింగ్ నుంచి సీటులోకి వెళ్తే దొంగ ఆ చక్రమే. కదలకపోతే కుడిపక్క ఇదే చేయండి. ఒక్కసారి ఒక్క మార్పే. నాలుగూ కలిపి మారిస్తే ఏమీ తేలదు.

స్పానర్ సత్తి:
దొంగ దొరికాక ఆ చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద మెల్లగా తిప్పమని, పక్కన నిలబడి మీరే చూడండి. రిమ్ అంచు దగ్గర కదలని సూచిక ఏదైనా పెట్టించండి. రిమ్ అంచు ఊగితే రిమ్ అవుట్ ఉన్నట్టు. అల్లాయ్‌కి కంపెనీలు ఆ ఊగుడు చాలా కొద్దిగా మాత్రమే ఒప్పుకుంటాయి. కంటికి స్పష్టంగా కనపడిందంటే అంతకంటే చాలా ఎక్కువే, కొత్త చక్రం కాబట్టి మార్చి ఇవ్వమనండి. బెండు తీస్తాం, వేడి చేస్తాం అంటే ఒప్పుకోకండి. రిమ్ నిలకడగా ఉండి టైరు పైభాగం మాత్రం ఎగిరితే తప్పు టైరుది, లేదా టైరు రిమ్‌లో కూర్చున్న తీరుది.

మెషీన్ దగ్గర ఇంకో పరీక్ష: సున్నా వచ్చాక చక్రం విప్పించి, అర చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమనండి. అప్పుడూ సున్నా దగ్గరే ఉండాలి. 20, 25 గ్రాములు చూపిస్తే ఆ మెషీన్ శంకువు అరిగిపోయిందన్నమాట. అది అంటించిన ముక్కలన్నీ దండగ.

ఓరుగల్లు రైడర్:
అన్నా, అట్ల అడిగితే షాపోడు కోపం చేసుకోడా?

డీజిల్ బాబాయ్:
చేసుకుంటాడు. టీ తాగించి అడగాలి.

కృష్ణాతీరం:
మాస్టారు చెప్పినట్టు మార్చాను. ఎడమ పక్కది మారిస్తే తేడా లేదు, కుడిది మార్చగానే స్టీరింగ్ శుభ్రం, సీటు కింద సన్నటి అదురు. ఆ చక్రాన్ని వేరే షాపులో మెషీన్ ఎక్కించాను. అర చుట్టు పరీక్షలో మెషీన్ పాస్ అయింది. రిమ్ అంచు నిలకడగానే ఉంది, టైరు మాత్రం ఒక చోట కొద్దిగా లేస్తోంది.

అక్కడి పెద్దాయన టైరు పక్క గోడ మీద, రిమ్ అంచుకి ఆనుకుని గుండ్రంగా ఉండే సన్నటి గీత చూపించాడు. చుట్టూ రిముకి సమాన దూరంలో ఉండాల్సిన గీత ఒకచోట లోపలికి దిగిపోయింది. అక్కడ టైరు బీడు (రిమ్‌ని పట్టుకునే లోపలి అంచు) రిమ్‌లో పూర్తిగా కూర్చోలేదట. గాలి తీసి, బీడు విడదీసి, రెండు పక్కలా సబ్బు నీళ్లు పూసి, మళ్లీ గాలి కొట్టగానే "టప్" మని ఎక్కింది. గీత చుట్టూ సమానంగా వచ్చింది. మళ్లీ బ్యాలెన్స్ చేస్తే ఇంతకుముందు అంటించిన బరువులో సగం కూడా పట్టలేదు. మిగతా మూడు టైర్ల గీతలు సరిగ్గానే ఉన్నాయి.

నిన్న సూర్యాపేట దాకా వెళ్లొచ్చాను. 80, 95, 110, ఎక్కడా ఏమీ లేదు. రింగులు, టీలు కలిపి రెండు వేల లోపే అయింది. రాక్ ఎండ్‌లకి ఆ షాపు చెప్పిన అంచనా ఇక్కడ రాయను.

లెక్కల మాస్టారు:
బీడు సరిచేసిన టైరు కాబట్టి ఒకటి రెండు రోజులు గట్టిగా బ్రేకులు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వద్దు. సబ్బు నీళ్లు ఆరకముందు టైరు రిమ్‌లో జారితే బ్యాలెన్స్ మళ్లీ తప్పుతుంది. వాల్వ్ ఎదురుగా టైరు మీద చాక్‌తో ఒక గీత గీసి ఉంచండి, జారితే కనిపిస్తుంది.

బోల్టు భాస్కర్:
ఇంకొకటి చెప్పాలి. మీ ఈటీ 38, రిమ్ 7 అంగుళాల వెడల్పు. చక్రం బయటికి జరిగేకొద్దీ చిన్న లోపం కూడా స్టీరింగ్‌లో పెద్దగా తెలుస్తుంది. ఇకపై బ్యాలెన్స్ కొద్దిగా తప్పినా మీకు ముందే తెలిసిపోతుంది. ఫుల్ లోడ్‌తో స్టీరింగ్ చివరిదాకా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో కూడా చూసుకోండి.

కొత్త సభ్యుడు 4412 (నెల్లూరు):
ఇదంతా చదివి భయపడి అడుగుతున్నా. నాది హోండా సిటీ, 4×100. అల్లాయ్స్ బుక్ చేశాను, ఇంకా వేయించలేదు. షాపతను కంపెనీ నట్లే వాడతాను అంటున్నాడు. ఫర్వాలేదా?

స్పానర్ సత్తి:
ఆగండి. హోండా కంపెనీ నట్టు అడుగు గుండ్రంగా, బంతిలా ఉంటుంది. బయటి అల్లాయ్స్‌లో ఎక్కువ వాటికి రంధ్రం ఏటవాలుగా ఉంటుంది. బంతిని ఏటవాలులో పెడితే సన్నటి అంచు మీద మాత్రమే ఆనుతుంది. బిగించినట్టే అనిపించి తర్వాత వదులవుతుంది. ఇది అదురుతో ఆగే సమస్య కాదు, చక్రం ఊడే సమస్య. 12×1.5 మరలో 60 డిగ్రీల ఏటవాలు నట్లు కొత్తవి అడిగి తీసుకోండి. మీ హబ్ 56.1, కాబట్టి రింగు 73.1–56.1 అవుతుంది, అల్లాయ్ సీబీ చూసి నిర్ధారించుకోండి. రిమ్ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా డబ్బు కట్టే ముందే చూడండి.

పాత నట్లు షాపులో వదిలి రాకండి. డిక్కీలో ఉన్న స్టెప్నీ కంపెనీది, దానికి ఆ గుండ్రటి నట్లే కావాలి. ఒక నాలుగు సంచిలో కట్టి జాకీ పక్కనే పడేయండి.